చీర కడితే రెండేళ్లు

కర్నూలు ప్యాసింజర్, జనరల్ పెట్టె. కాచిగూడలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నల్ల బుర్ఖా, ఒళ్లో అమ్మీకి తీసుకుపోతున్న మందుల సంచి. ఉందానగర్‌లో ఆమె ఎక్కింది. ఆకుపచ్చ చీర, పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. చప్పట్లు కొట్టుకుంటూ ఒక్కో సీటు దగ్గర ఆగి చేయి చాపుతోంది. కొందరు 10 రూపాయలు పెట్టారు. కొందరు నిద్ర నటించారు. తలుపు దగ్గర ఒక పడుచువాడు నిలబడి ఉన్నాడు, చదువుకున్నవాడిలాగే ఉన్నాడు. ఆమె పక్క నుంచి పోతుంటే నడుం గిల్లాడు.

ఆమె వెనక్కి తిరిగి చెంప మీద ఒక్కటి వేసింది.

పెట్టె మొత్తం లేచింది. ఆమె మీదికి లేచింది. "వీళ్లకు బాగా ఎక్కువైంది" అన్నాడు ఒక పెద్దాయన. "పోలీసులకు పట్టియ్యాలె" అన్నాడు ఇంకొకాయన. ఏం చేశావురా అని వాణ్ని ఒక్కరూ అడగలేదు. ఆమే చెప్పింది, "నా నడుం పట్టిండు. మీ చెల్లె నడుం పడితే ఊకుంటరా?" అని. "నువ్వు మా చెల్లెవా?" అని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. షాద్‌నగర్‌లో ఆమె దిగిపోయింది. దిగడానికి నా మోకాళ్ల పక్క నుంచే పోయింది. నా బుర్ఖా అంచు ఆమె చీరకు తగలకుండా లోపలికి లాక్కున్నాను. ఆ అంచు లాక్కున్న చెయ్యే ఇప్పుడు ఇది రాస్తోంది.

బుర్ఖా వేసుకుంటే మగవాళ్ల చేతులు ఆగిపోతాయని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. ఆగవు. ఇదే లైన్లో, ఇట్లాంటి పెట్టెల్లోనే నా వీపు మీద, నడుం మీద ఎన్ని చేతులు పడ్డాయో లెక్క లేదు. ఒక్కణ్నీ కొట్టలేదు. పక్కకు జరిగాను. సంచి అడ్డం పెట్టుకున్నాను. ఇంట్లో చెప్తే కాలేజీ మాన్పిస్తారని చెప్పలేదు. ఆ రోజు పెట్టెలో నాతో పాటు చాలామంది ఆడవాళ్లున్నారు. హిందువులు, ముస్లింలు, లంబాడీ ఆడవాళ్లు. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పడనివాళ్లు మాలో ఉంటారా? మేమెవరమూ చేయలేని పని ఆమె మా కళ్లముందే చేసింది. మేమేం చేశాం? కాళ్లు ముడుచుకున్నాం.

వేళ్లు విడదీసి, అరచేతులు అడ్డంగా కలిపి కొట్టే ఆ చప్పట్లు వింటే ఒళ్లు జలదరిస్తుందని మర్యాదస్తులు అంటారు. జలదరించాలనే కొడతారు. స్టేషన్‌కు పోతే ఫిర్యాదు రాసుకునేముందు "నీకేం పోయింది?" అని నవ్వించుకునే మనిషికి, ఇల్లు అద్దెకివ్వని, పని ఇవ్వని ఊళ్లో తిరిగే మనిషికి, చప్పట్లు తప్ప మనం ఏం మిగిల్చాం? చీర ఎత్తుతామని బెదిరిస్తారట! అవును, బెదిరిస్తారు. వాళ్ల ఒంటిని చూసే కదా మీరు నవ్వేది. ఆ ఒంటినే మీ మొహాన కొడతామంటారు.

బలవంతపు వసూళ్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. పెళ్లిళ్ల దగ్గర, కొత్త ఇళ్ల దగ్గర వేలకు వేలు అడిగి రచ్చ చేసేవాళ్లున్నారు. చేలాల సంపాదన గుంజుకునే గురువులున్నారు, ఆ సంగతి చేలాలే చెప్తారు. హిజ్రాలను ఔలియాలను చేసి దర్గాలో కూర్చోబెట్టాలని నేనేం అనడం లేదు. కానీ ఎక్కడో ఒక తురకోడు ఏదో చేస్తే నల్లగొండ నుంచి ఆదోని దాకా తురకలందరం సంజాయిషీ చెప్పుకోవాలా అని వేదికలెక్కి అడుగుతాం కదా. అడగాలి కూడా. మరి రైల్లో ఒకరు గద్దించి 50 రూపాయలు తీసుకుంటే ఆ లెక్క అందరు హిజ్రాల ఖాతాలో ఎందుకు రాస్తున్నాం?

ఆమె దిగిపోయాక చెంప నిమురుకుంటూ వాడన్న మాట "కొజ్జా". తెలుగు సినిమాల్లో ఈ మాట పడితే హాలు మొత్తం నవ్వుతుంది. ఇది తెలుగు వాళ్లు పుట్టించిన మాట కాదు, మన దగ్గరి నుంచే పోయింది. ఫారసీలో ఖ్వాజా అంటే దొర, పెద్దమనిషి. అజ్మీర్ గరీబ్ నవాజ్‌ను ఖ్వాజా అనే పిలుచుకుంటాం. బాద్షాల జనానాలకు కాపలా కాసిన, దర్బారుల్లో పెద్ద కొలువులు చేసిన నపుంసకులను మర్యాదగా ఖ్వాజాసరాలు అన్నారు. (అది కూడా సుఖమైన బతుకేం కాదు. చాలామంది బానిసలుగా అమ్ముడుపోయిన పిల్లలు. మర్యాద మాటలోనే ఉండేది.) ఆ ఖ్వాజా ఉర్దూలో ఖోజా అయింది, తెలుగులోకి వచ్చి కొజ్జా అయింది. మన ఇళ్లల్లో వీధికొక ఖ్వాజా మొయినుద్దీన్ ఉన్నాడు. అదే మాటతో ఇంకొకరిని కొడుతుంటే మన చెవికి తగలదు. తురక అన్నది ఒక జాతి పేరుగా బయల్దేరి తిట్టుగా ఎట్లా మారిందో మాత్రం మనం పేజీలకు పేజీలు రాస్తాం.

ఇంకో సంగతి ఉంది. దీన్ని మన సభల్లో ఎవరూ ఎత్తరు.

నిజాం మంచి చెప్పాల్సి వచ్చినప్పుడు మనం ఉస్మానియా యూనివర్సిటీ చెప్తాం, ఉస్మానియా ఆస్పత్రి చెప్తాం. చెప్పాలి. మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను రజాకార్ల కథగా కుదించేసిన వాళ్లకు అది చెప్పాల్సిందే. కానీ 1918లో యూనివర్సిటీ పెట్టిన ఆ సర్కారే, మరుసటి ఏడాది, 1329 ఫస్లీలో ఒక చట్టం చేసింది. నపుంసకుల చట్టం. దాని ప్రకారం హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు చెప్పిన ఇతర చోట్లా ఉన్న నపుంసకుల పేర్లు, ఇళ్లు ఒక రిజిస్టర్‌లో రాయాలి. ఎవరివి? మగపిల్లల్ని ఎత్తుకుపోతారని, వాళ్ల అంగం కోస్తారని, "అసహజ నేరాలు" చేస్తారని అనుమానం ఉన్నవాళ్లవి. నపుంసకుడంటే ఎవరు? తానే ఒప్పుకున్నవాడు, లేదా వైద్య పరీక్షలో తేలినవాడు. అంటే గుడ్డలు విప్పి చూస్తారు. రిజిస్టర్‌లో పేరెక్కిన మనిషి ఆడ బట్టలు కట్టినా, నగలు పెట్టినా, ఆ వేషంలో వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష 2 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 16 ఏళ్లలోపు మగపిల్లవాణ్ని ఇంట్లో పెట్టుకున్నా అంతే.

ఈ ఆలోచన ఇంగ్లీషువాడిది. 1871 నేరస్థ జాతుల చట్టంలో ఒక భాగం తెగల మీద, రెండో భాగం నపుంసకుల మీద. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను నిలబెట్టి హాజరు వేయించిన బుద్ధి, హిజ్రాల పేర్లు రాయించిన బుద్ధి ఒకటే. 1911లో ఇంగ్లీషువాళ్లు కొత్త చట్టం తెచ్చుకున్నప్పుడు ఆ రెండో భాగాన్ని వదిలేశారు. వాళ్లు వదిలేసిన దాన్ని మన సర్కారు 1919లో ఏరుకుంది! ఉర్దూలో చదువు చెప్పి దేశాన్ని ఆశ్చర్యపరిచిన రాజ్యానికి, హిజ్రాల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషువాడి బూజు పట్టిన కాగితమే దొరికింది.

తర్వాత నిజాం పోయాడు. 1948 పోయింది, 1956 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ చట్టాల్లో "తెలంగాణ ప్రాంతం" అనే బ్రాకెట్ తగిలించుకుని ఆ చట్టం అట్లాగే కూర్చుంది. ఎన్టీ రామారావు పటేల్ పట్వారీలను తీసేశాడు, దీన్ని తీయలేదు. 2014లో తెలంగాణ వచ్చింది, అదీ తీయలేదు. దీన్ని తీయించింది వాళ్లే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, ఎవరి లింగం ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పింది. 2015 జనవరిలో హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్ స్త్రీ హత్య జరిగితే హిజ్రాలు, ట్రాన్స్ స్త్రీలు కలిసి నిరసనకు దిగారు. 2018లో వైజయంతి వసంత మొగిలి, ఆమెతో ఉన్నవాళ్లు ఈ 1329 ఫస్లీ చట్టం మీద హైకోర్టుకు పోయారు. ఆ ఏడే కోర్టు దాన్ని నిలిపేసింది. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆసరా పింఛను వీళ్లకూ ఇవ్వాలన్నారు. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలన్నారు. 104 ఏళ్లు పట్టింది. ఆ మధ్యనే, 2022లో, నిజాం కట్టించిన ఉస్మానియా ఆస్పత్రిలో రూత్ జాన్ కొయ్యల, ప్రాచీ రాథోడ్ అనే ఇద్దరు ట్రాన్స్ స్త్రీలు డాక్టర్లుగా చేరారు. స్టే మీద ఉన్నా, చట్టం పుస్తకంలోనే ఉంది అప్పటికి. పేషెంటు నాడి పట్టుకున్న డాక్టరు చీర కట్టడం ఆ కాగితం లెక్కన నేరానికి ఆనవాలే.

ఆ కేసులో ఒక ముస్లిం సంస్థ కూడా వాళ్ల పక్కన నిలబడి మాట్లాడినట్టు నేనెక్కడా వినలేదు. మన నిజాం చట్టం, మన షహర్. హైదరాబాద్ హిజ్రాల ఇళ్లు షహర్‌వాలా, లష్కర్‌వాలా అని ఉర్దూ పేర్లతోనే నడుస్తాయి. పుట్టుక ఏ మతమైనా ఆ ఇళ్లల్లో సలాములు, గురు చేలా మర్యాదలు మన తెహజీబ్‌లోనివే. బిడ్డ పుడితే బధాయి పాడటానికి వాళ్లొస్తే శకునం బాగుందని మన నానీలు బియ్యం పోసి పంపారు. దువా కావాలి, మనిషి వద్దు.

ఇక అనుమానం సంగతి. 2018 మే నెల. తెలంగాణ అంతటా వాట్సాప్‌లో ఒకే పుకారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయి, జాగ్రత్త. రంజాన్ నెల నడుస్తోంది. జకాతు, ఫిత్రా చేతులు మారే నెల గనక అడుక్కునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో హైదరాబాద్ వస్తారు. మా మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కొందరు హిజ్రాలూ వచ్చారు. మే 26 శనివారం రాత్రి, చాంద్రాయణగుట్టలో ఒక గుంపు వాళ్లను చుట్టుముట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వీళ్లేనన్నారు. రాళ్లతో కొట్టారు. ఒకరు చనిపోయారు. 52 ఏళ్లు.

ఆ అనుమానం ఎక్కడిది? 1329 ఫస్లీ చట్టంలోదే. మగపిల్లల్ని ఎత్తుకుపోతారు. 1919లో సర్కారు రిజిస్టర్‌లో రాసింది, 2018లో గుంపు ఫోన్లో చదివింది. చాంద్రాయణగుట్ట మన పాతబస్తీ. ఆ గుంపులో ఎవరెవరున్నారో నేను మతాల లెక్క తీయను, కానీ రోజా ఉండి, తరావీ చదివి వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో లేరని నాకు ఎవరూ చెప్పొద్దు. ఆపడానికి ఎందరు తలుపు తీశారు?

రెండు నెలలు కూడా కాలేదు. జూలై 13న కర్ణాటకలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ ముస్లిం యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అదే పుకారుకు బలయ్యాడు. స్నేహితులతో కారులో పోతూ బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. పిల్లల దొంగలొచ్చారని వాట్సాప్‌లో పెట్టారు, కారును వెంటాడి కొట్టారు. మన షహర్‌లో ఆ జనాజాకు జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. మే నెలలో చచ్చిపోయిన మనిషికి పెట్టుకోలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అనుమానం అంటే ఏమిటో మనకు ఎవరైనా నేర్పాలా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే చచ్చిపోయింది మనవాళ్లు, పట్టుకుపోయిందీ మన పిల్లల్నే. వాళ్లను హింసించారని మైనారిటీ కమిషన్ కోసం చేసిన విచారణే చెప్పింది. కోర్టుల్లో నిర్దోషులని తేలాక సర్కారు నష్టపరిహారం ప్రకటించింది. అప్పుడు మనమేమన్నాం? రిజిస్టర్‌లో పేరుంటే చాలా, నేరం అక్కర్లేదా అన్నాం. గడ్డం చూసి పట్టుకుంటారా అన్నాం. చీర చూసి పట్టుకున్న చట్టం అదే షహర్‌లో అప్పటికి 88 ఏళ్లుగా ఉంది.

సెక్యులర్ మిత్రులారా, మీరు తల ఊపుతూ చదువుతున్నారని తెలుసు. ముస్లింలు తమను తాము తిట్టుకుంటుంటే మీకు కాస్త హాయిగానే ఉంటుంది. కొంచెం ఆగండి. రైల్లో "నువ్వు మా చెల్లెవా" అన్నవాడు మా మొహల్లావాడు కాదు. కొజ్జా డైలాగులు రాసిన రచయితలు, నవ్విన ప్రేక్షకులు మా మదరసాల్లో చదవలేదు. 2019లో మీ పార్లమెంటు, అందులో మావాళ్లు ఎందరున్నారో మీకు తెలుసు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ అని ఒక చట్టం చేసింది. 2020 జనవరి 10 నుంచి అమల్లోకి తెచ్చింది. తాను ఫలానా అని చెప్పుకోవడానికి కలెక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలని అందులో రాశారు. ఐదేళ్ల ముందు సుప్రీంకోర్టు అది నీ హక్కు అన్నది! దానికంటే ఘోరం 18వ సెక్షన్. ట్రాన్స్‌జెండర్ మనిషిని కొట్టినా, లైంగికంగా హింసించినా శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్లు. గరిష్ఠం 2 ఏళ్లు. మిగతా స్త్రీల మీద అత్యాచారానికి కనీసం 10 ఏళ్లని 2018లోనే సవరించుకున్న పార్లమెంటు, వీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంతే చాలనుకుంది.

1919లో చీర కట్టినందుకు 2 ఏళ్లు. 2019లో ఆ చీర లాగినవాడికి 2 ఏళ్లు. నూరేళ్లలో మన న్యాయం నడిచిన దూరం ఇది.

అందుకే ఆ రైలు చెంపదెబ్బ నాకు తప్పుగా కనపడదు. చేతులు ఎత్తొద్దు, చట్టం చూసుకుంటుంది అని నీతులు చెప్పేవాళ్లు ఆ 18వ సెక్షన్ చదివి వచ్చి చెప్పండి.

రిజర్వేషన్ సంగతి కూడా ఒక మాట. 2011 జనగణనలో మొదటిసారి "ఇతరులు" అని వేరే లెక్క తీస్తే దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది తేలారు. భయపడి చెప్పుకోనివాళ్లు ఈ లెక్కలో లేరు. నల్సా తీర్పు వీళ్లను వెనకబడిన తరగతిగా చూడమంది. చూస్తే ఎక్కడ చూస్తారు? దూదేకుల ఇంట్లో పుట్టిన హిజ్రా బీసీ-బిలోనే ఉంది. దళిత హిజ్రా ఎస్సీలో ఉంది. 2007లో మనం కొట్లాడి తెచ్చుకున్న 4 శాతం బీసీ-ఇలోకి వచ్చే ఇళ్లల్లోనూ ఉన్నారు. అందరినీ ఒక గంపలో వేస్తే దళిత హిజ్రా తన ఎస్సీ హక్కు పోగొట్టుకుంటుంది. ఆడవాళ్లకు ఇచ్చినట్టు ప్రతి కులం కోటాలోనూ కొంత వాళ్లకని పక్కన పెట్టమని వాళ్లు అడుగుతున్నారు. మన 4 శాతం కోసం లెక్కలు, నివేదికలు మోసుకుని తిరిగిన మన నాయకులు ఈ లెక్క అర్థం కానట్టు మొహం పెడతారు.

ఇంతవరకు ఊరి సంగతి చెప్పాను. మా ఇంటి సంగతి చెప్పకపోతే ఇది సగం రాసినట్టే.

మా మామూకు నలుగురు పిల్లలు. మూడోవాడు, అప్పుడు వాడు అనేవాళ్లం, నాకంటే ఆరేళ్లు చిన్న. ఎండాకాలం సెలవుల్లో వాళ్లు మా ఇంటికొచ్చేవాళ్లు. ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు నా దుపట్టా కప్పుకుని, ఈద్‌కు కొన్న నా గాజులు వేసుకుని, అద్దం ముందు నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. "ఆపా, బాగుందా?" అని అడిగింది. పదకొండేళ్లు. నేను పోయి మామూకు చెప్పాను. గాజులు పగలగొడుతుందేమోనన్న కోపంతో చెప్పానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మామూ బెల్టు తీశాడు. గాజులు పగిలాయి. చేతుల్లోంచి అమ్మీ పెంకులు తీసింది. తర్వాత ఆమిల్ దగ్గరికి తీసుకుపోయారు, తావీజు కట్టారు, బడి మాన్పించి మెకానిక్ షాపులో పెట్టారు. ఆ షాపులో పెద్దవాళ్లు చేసింది ఆమె నాకు తర్వాత చెప్పింది, నేనిక్కడ రాయను. పదిహేనో ఏట ఇల్లు విడిచి పోయింది. ఎవరూ వెతకలేదు. మామీ మాత్రం కొన్నాళ్లు రాత్రిపూట తలుపు గొళ్లెం పెట్టేది కాదు.

ఇప్పుడు షహర్‌లో గురువు ఇంట్లో ఉంటుంది. రంజాన్‌లో ముప్పై రోజాలూ ఉంటుంది. నాకు ఫోన్ చేస్తుంది. ఒకసారి కూడా ఆ గాజుల మాట ఎత్తలేదు. నేనే ఎత్తితే, "ఛోడో ఆపా" అంది. పోయిన చలికాలం వాళ్ల ఇంట్లో ఒక పెద్దామె చనిపోయింది. మయ్యత్‌ను ఎక్కడికి తీసుకుపోవాలన్నది తెమలడానికి రాత్రంతా పట్టిందట. గుసుల్ చేయించడానికి ఆడవాళ్లు మేం రామన్నారు, మగవాళ్లూ రామన్నారు. చివరికి వాళ్లలో వాళ్లే చేసుకుని, తెల్లారకముందే, చీర తీసేసి మగ కఫన్ చుట్టి, పుట్టినప్పటి పేరు చెప్పి దఫన్ చేశారు. ఇది చెప్పి అడిగింది, "మేరెకు కౌన్ నహలాతే ఆపా?" అని. నన్నెవరు కడుగుతారు ఆపా, అని. నా దగ్గర జవాబు లేదు.

నా దగ్గర లేదు గానీ కితాబుల్లో ఉంది. మజహబ్ ఒప్పుకోదు అనేవాళ్లు కాస్త తీసి చదవాలి. మన మదరసాల్లో తరతరాలుగా చెప్పే హిదాయాలో ఖున్సా గురించి ఒక భాగమే ఉంది. ఆడో మగో తేల్చి చెప్పలేని శరీరంతో పుట్టిన మనిషి జమాతులో ఏ సఫ్‌లో నిలబడాలి, చనిపోతే ఏం చేయాలి అని ఎనిమిది వందల ఏళ్ల కిందట కూర్చుని ఆలోచించారు. అది ఈనాటి ట్రాన్స్ స్త్రీలందరికీ అచ్చంగా సరిపోతుందని నేననను. కానీ ఎక్కడ నిలబెట్టాలి అని ఆలోచించారు, నిలబెట్టొద్దు అని కాదు. అబూ దావూద్ హదీసుల్లో ఇంకొకటి ఉంది. చేతులకు, కాళ్లకు గోరింటాకు పెట్టుకున్న ఒక మనిషిని ప్రవక్త దగ్గరికి తెచ్చారు. చంపేద్దామా అని అడిగినవాళ్లకు ఆయన అనుమతి ఇవ్వలేదు, నమాజు చదివేవాళ్లను చంపడం తనకు నిషిద్ధమన్నారు. ఆ మనిషిని ఊరి నుంచి పంపించేసిన మాట కూడా అక్కడే ఉంది, నేను దాచను. దాచేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు పంపించేసిన మాట మాత్రం చెప్పి, చంపొద్దన్న మాట మింగేస్తారు. చాంద్రాయణగుట్టలో రాయి ఎత్తినవాళ్లకు ఆ రెండో మాట ఎవరైనా ఏ జుమ్మాలోనైనా చెప్పి ఉంటే బాగుండేది.

మా మొహల్లా మసీదు కమిటీ సదర్ సాబ్‌కు ఒక కాగితం రాసి పెట్టాను. ఆడదాన్ని గనక మసీదుకు పోయి ఇవ్వను, వాళ్లింటికే పోయి ఇస్తాను. అందులో మూడే అడిగాను. మన ఖబరస్తాన్‌లో హిజ్రా మయ్యత్‌కు ఎవరూ అడ్డుపడకూడదు, వాళ్లు బతికిన పేరే రిజిస్టర్‌లో రాయాలి. గుసుల్‌కు ఎవరూ రాకపోతే నేను వస్తాను, నాతో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వస్తామన్నారు, మా పేర్లు రాసుకోండి. రంజాన్‌కు ముందు జుమ్మాలో పుకార్ల గురించి, హిజ్రాల గురించి బయాన్‌లో రెండు మాటలు చెప్పించండి. సదర్ సాబ్ చదువుతారో, మడిచి జేబులో పెట్టుకుంటారో తెలియదు. ఆయన మా మామూకు చిన్ననాటి దోస్తు. జవాబు రాకపోతే వచ్చే నెల ఇంకో నకలు రాసి తీసుకుపోతాను.